ఆ పంచె పొందూరుది కాదురా

ఒరే, పొద్దున్నుంచి స్టేటస్‌లన్నీ ఆ హీరో తెల్ల పంచె ఫొటోలే. కింద "మన పొందూరు" అని రాసేసి, గుండె బొమ్మలు! పొందూరంటే శ్రీకాకుళం జిల్లా పొందూరులో చేత్తో వడికి, చేత్తో నేసే ఖద్దరు. ఒక్కసారి జూమ్ చేసి చూడండి. పోగులన్నీ గీత గీసినట్టు ఒకే మందం, పైన జిగేల్‌మని మెరుపు. అది మిల్లు బట్ట.

చేత్తో వడికిన నూలు ఒకచోట సన్నబడతాది, ఇంకోచోట లావవుతాది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తెలిసిపోతాది. అంచులోంచి పోగు లాగి కాల్చినా సరే: పత్తైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతాది, పాలిస్టర్ కలిస్తే గట్టి పూస కడతాది. కానీ మిల్లు పత్తి కూడా బూడిదే అవుతాది కాబట్టి, మంట ఒక్కటీ నమ్మీకండి.

అసలు మెత్తదనమంతా మొదటి పనిలోనే ఉంది. కొండపత్తిని గింజ మీదుండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్లు ఎంత సన్నవంటే, చెత్త రాలిపోయి పీచంతా ఒకే వరసకొస్తాది. ఆ దువ్వడం సరిగ్గా లేకపోతే వంద కౌంటు నూలు (కౌంటు పెరిగే కొద్దీ నూలు సన్నం) రాట్నం మీద తెగిపోతానే ఉంటాది. గింజ తీయడం, ఏకడం (పత్తిని విడదీసి మెత్తగా చెయ్యడం), వడకడం తర్వాత సంగతి.

స్టైలంటే ఏఎన్నార్‌ది. పొందూరు ఖద్దరు కట్టి నడిచొస్తే చాలు, స్టైలిస్టు ఎందుకు?

పొందూరు పంచె కొనుక్కున్నోళ్లు బియ్యం గంజి పల్చగా పెట్టండి, తడి ఆరకముందే ఇస్త్రీ చెయ్యండి. గంజి చిక్కనైతే మడతల దగ్గర పోగులు విరిగిపోతాయి.