గాల్వెస్టన్‌లో ఒక గోడ, షుగర్‌ల్యాండ్‌లో 95 సమాధులు

అమెరికాలో బానిసత్వం ముగిసినందుకు గుర్తుగా జూన్ 19న జరుపుకునే జూన్‌టీన్త్ 2021 నుంచి ఫెడరల్ సెలవు. పోయిన జూన్‌లో ఆ రోజు మా అమ్మాయిని తీసుకుని టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ వెళ్ళాను. బీచ్‌కి ఎన్నోసార్లు వెళ్ళాం గానీ, స్ట్రాండ్ వీధిలో 'అబ్సల్యూట్ ఈక్వాలిటీ' (సంపూర్ణ సమానత్వం) అన్న ఆ పెద్ద గోడ బొమ్మ ముందు ఆగింది మాత్రం అదే మొదటిసారి.

1865 జూన్ 19న, అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడిన యూనియన్ సైన్యపు జనరల్ గోర్డన్ గ్రేంజర్ పేరుతో, టెక్సస్ బానిసలు ఇక స్వతంత్రులని చెప్పే ఆర్డర్ నంబర్ 3 వెలువడింది ఆ ఊళ్ళోనే. బానిసలకి స్వేచ్ఛనిస్తూ అధ్యక్షుడు లింకన్ చేసిన విమోచన ప్రకటన అప్పటికి రెండున్నరేళ్ళ పాతది. "కబురు ఆలస్యంగా చేరింది" అంటుంటారు, నాకు ఆ మాట మింగుడుపడదు. యూనియన్ సైన్యానికి దొరక్కుండా బానిసల్ని ఇతర రాష్ట్రాల నుంచి టెక్సస్‌కి తోలుకొచ్చిన యజమానులకి కబురు తెలియదా? తెలిసీ, అడిగే సైన్యం లేదు కాబట్టి, దాదాపు రెండున్నర లక్షల మందితో చాకిరీ చేయించుకున్నారు.

మా అమ్మాయి ఫోన్‌లో ఆ ఆర్డర్ మొత్తం చదివింది, చిన్నదే. బానిసలందరూ స్వతంత్రులు, హక్కుల్లో, ఆస్తిలో పూర్తి సమానత్వం అని మొదలై, చివరికొచ్చేసరికి, ఉన్నచోటే కిక్కురుమనకుండా ఉండి కూలికి పని చేసుకోండి, సోమరితనాన్ని పోషించబోం అంటుంది. "ఇన్నేళ్ళూ పని చేసింది వాళ్ళే కదా నాన్నా, సోమరులంటారేంటి?" అంది. నాకు నోట మాట రాలేదు.

అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది, బానిసత్వం రద్దు, "నేరానికి శిక్షగా తప్ప" అన్న మినహాయింపుతో. ఆ ఒక్క ముక్క చాలు. చిల్లర నేరాలకి కూడా నల్లవాళ్ళని జైల్లో వేసి, ఆ ఖైదీల్ని ప్రభుత్వమే చెరకు తోటలకి అద్దెకిచ్చింది. మేముండే, హ్యూస్టన్ పక్కనున్న షుగర్‌ల్యాండ్‌కి ఆ పేరు ఆ చెరకు వల్లే వచ్చింది. 2018లో ఇక్కడ స్కూలు బిల్డింగ్ కోసం తవ్వుతుంటే అలా అద్దెకిచ్చిన ఖైదీలవని భావిస్తున్న 95 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి, అందులో పద్నాలుగేళ్ళ వయసువాళ్ళవి కూడా ఉన్నాయట. మా అమ్మాయికి పద్నాలుగు.

ఇక మన సంగతి. 1965కి ముందు అమెరికా ఇండియా మొత్తానికి ఇచ్చిన వలస కోటా ఏడాదికి వంద మంది. ఆ తలుపు తెరిచిన 1965 వలస చట్టం, నల్లవాళ్ళు దెబ్బలు తిని, ప్రాణాలిచ్చి నడిపిన పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చింది. అయినా ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు గొంతు తగ్గించి అడిగే మొదటి ప్రశ్న, "ఆ స్కూల్లో వాళ్ళెక్కువా?" నేనూ అడిగాను ఒకప్పుడు, సిగ్గుగా ఉంది.

మొన్న ఒక పాట్‌లక్‌లో (తలా ఒక వంటకం తెచ్చుకునే విందులో) అదే ప్రశ్న మళ్ళీ వినపడితే ఈసారి ఊరుకోలేదు, ఆ 95 మంది గురించి చెప్పాను. అడిగినాయన ప్లేటు పక్కన పెట్టి, "ఎక్కడ? మన దగ్గరేనా?" అన్నాడు. ఆయన ఇంటికి ఆ స్కూలు పది నిమిషాల దూరం.

శనివారం ఇద్దరం వెళ్తున్నాం.