ఇరవైతో ఆగిపోయే షేర్ ఫోల్డర్: నా నెట్‌వర్క్ పని ఎంతవరకు వచ్చిందంటే

మొదటి వారం

మా ఆఫీసులో 15 మందిమి. నెట్‌వర్క్ చూసుకోవడం నా ఉద్యోగం కాదు, ఇష్టం కొద్దీ సెలవురోజుల్లో చేస్తుంటాను. ఫైళ్లన్నీ ఒక విండోస్ 10 కంప్యూటర్లో షేర్ ఫోల్డర్‌గా ఉండేవి. మిగతా 14 కంప్యూటర్లూ దాన్నే వాడుకునేవి. ఈ మధ్య ఉదయం ఆలస్యంగా వచ్చిన ఇద్దరికి ఫోల్డర్ తెరుచుకోవడం మానేసింది. ఆ కంప్యూటర్ తీసుకోగలిగినన్ని కనెక్షన్లు ఇప్పటికే ఉన్నాయి, ఇక కుదరదు అన్న అర్థంతో మెసేజ్ వచ్చేది. ఎవరైనా సిస్టమ్ ఆపేస్తే వీళ్లకు తెరుచుకునేది. నేను ముందు స్విచ్‌ని (కంప్యూటర్ల నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే పెట్టెను) అనుమానించి కేబుళ్లు మార్చాను. ఒక సెలవు మొత్తం దానికే పోయింది. మెసేజ్‌ను నిదానంగా చదివి ఉంటే ఆ రోజు మిగిలేది.

రెండో వారం

కేబుళ్లతో సంబంధం లేదని తేలింది. సర్వర్ ఎడిషన్ కాని విండోస్‌లో బయటి నుంచి వచ్చే కనెక్షన్లకు పరిమితి ఉంటుంది. ఎక్స్‌పీ ప్రొఫెషనల్లో 10, ఎక్స్‌పీ హోమ్‌లో 5 ఉండేది. విండోస్ 7 నుంచి 20 అయింది. కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ కాన్ఫిగ్ సర్వర్' కొడితే ఆ 20 అంకె కనిపిస్తుంది. షేరింగ్ సెట్టింగ్స్‌లో ఒకేసారి ఎంతమంది వాడొచ్చో రాసే గడి ఉంది కానీ, అందులో 20 దాటించలేం. అది లైసెన్స్ నిబంధన కూడా, కాబట్టి దొంగదారి వెతకలేదు.

కానీ 14 కంప్యూటర్లకు 20 ఎందుకు సరిపోలేదు? నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇదే. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద 'సెషన్స్' (ఆ సమయానికి ఉన్న కనెక్షన్ల జాబితా) తెరిచి ఒక్కొక్క వరుసా కాగితం మీద రాసుకున్నాను. కంప్యూటర్లు 12. ఫోల్డర్లోకి స్కాన్ పంపే ప్రింటర్లు 2. ఫైల్ మేనేజర్ యాప్‌తో ఫోల్డర్ తెరిచి అలాగే వదిలేసిన ఫోన్లు 2. ఇవి 16. మిగతా 4 వరుసలు చూస్తే, అవే కంప్యూటర్లు రెండోసారి! వాటిలో ఒక షార్ట్‌కట్ ఫైళ్లున్న కంప్యూటర్ పేరుతో, ఇంకోటి దాని ఐపీ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో దానికుండే అంకెల చిరునామాతో) పెట్టి ఉన్నాయి. ఈ రెండింటినీ విండోస్ రెండు వేరు సర్వర్లుగా చూస్తుంది, అందుకే సెషన్లు రెండు. లెక్క సరిగ్గా 20కి వచ్చింది. ఆఖరున వచ్చిన ఇద్దరికి చోటు లేదు.

ఐపీతో ఉన్న షార్ట్‌కట్లన్నీ తీసేసి పేరుతోనే డ్రైవ్ మ్యాప్ చేశాను, అంటే ఆ ఫోల్డర్ ఒక డ్రైవ్‌లా కనిపించేలా పెట్టాను. 14 కంప్యూటర్లూ కలిసినా 18 దగ్గర ఆగింది.

మూడో వారం

పని లేని సెషన్‌ను విండోస్ 15 నిమిషాలకు తెంపుతుంది. 'నెట్ కాన్ఫిగ్ సర్వర్' కమాండ్‌కి 'ఆటోడిస్‌కనెక్ట్' జోడించి దాన్ని 5 నిమిషాలు చేశాను. ఫోన్లు త్వరగా వదిలాయి. కానీ ఫైలు తెరిచి ఉన్న సెషన్‌ని ఇది ముట్టుకోదు. మా వాళ్లు ఎక్సెల్ ఫైలు తెరిచే భోజనానికి వెళ్తారు, కాబట్టి వాళ్ల సెషన్లు అలాగే ఉండిపోయాయి. పైగా ఇంకో ముగ్గురు చేరబోతున్నారని తెలిసింది. 18కి 3 కలిపితే 21. ఇక వేరే దారి చూడాల్సిందే.

నాలుగో, ఐదో వారాలు

మూల పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌లో విండోస్ బదులు డెబియన్ (ఒక రకం లినక్స్) వేసి సాంబా పెట్టాను. విండోస్ కంప్యూటర్లతో వాటి పద్ధతిలోనే ఫైళ్లు పంచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇందులో 'మ్యాక్స్ కనెక్షన్స్' విలువ మొదటి నుంచే 0 ఉంటుంది. 0 అంటే పరిమితి లేదని. ప్రతి ఒక్కరికీ సాంబా కమాండ్ 'ఎస్ఎంబీపాస్‌వర్డ్'తో వేరే ఖాతా ఇచ్చాను. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడితే ఫైలు ఎవరు మార్చారో ఎప్పటికీ తెలియదు. ఫోల్డర్‌కి ఒక గ్రూప్ పెట్టి, కొత్త ఫైళ్లు కూడా ఆ గ్రూప్‌కే చెందేలా ఫోల్డర్ పర్మిషన్ 2770 ఇచ్చాను. ఇది మర్చిపోతే ఒకరు పెట్టిన ఫైలును ఇంకొకరు మార్చలేరు.

ఫైళ్ల కాపీకి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్ వాడాను. మొదటి రాత్రి పొద్దున్నకి సగం కూడా కాలేదు. ఎవరో తెరిచి వదిలిన ఒక ఫైలు దగ్గర అది ఆగిపోయింది. మనం చెప్పకపోతే రోబోకాపీ ఒక్కో ఫైలుకు 30 సెకన్ల చొప్పున ఆగుతూ పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. '/ఆర్:1 /డబ్ల్యూ:1' (ఒక్కసారే మళ్లీ ప్రయత్నించు, ఒక్క సెకనే ఆగు) ఇచ్చాక సాఫీగా నడిచింది.

ఇంకో చిక్కు తెలుగు పేర్లతో వచ్చింది. పొడవైన తెలుగు పేర్లున్న కొన్ని ఫైళ్లు కాపీ కాలేదు. లినక్స్‌లో నేను వాడిన ఈఎక్స్‌టీ4 డిస్కు పద్ధతిలో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్కడ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికే కాదు, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ కూడా 3 బైట్లు పడతాయి. అంటే 'క్షి' ఒక్కదానికే 12 బైట్లు. మొత్తం పేరు తెలుగులోనే ఉంటే 85 గుర్తులతో అయిపోతుంది. విండోస్ డిస్కులో లెక్క వేరు కాబట్టి అక్కడ ఇబ్బంది కనిపించలేదు. పేర్లు పెట్టిన వాళ్లను అడిగి, వాళ్లు చెప్పినట్టే కుదించాను. వాళ్లకు తెలియకుండా మార్చడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు

కొత్తగా వచ్చిన ముగ్గురూ కలిశారు. నిన్న మధ్యాహ్నం సాంబా సెషన్లు చూపే 'ఎస్ఎంబీస్టేటస్' కమాండ్ కొడితే 22 సెషన్లు కనిపించాయి, అందరికీ ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. ఒక స్కానర్‌కి మాత్రం ఎస్ఎంబీ1 (విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి పాత వెర్షన్) తప్ప వేరేది రాదు. భద్రత దృష్ట్యా అది తిరిగి ఆన్ చేయను, దాని స్కాన్లు ఈమెయిల్‌కి మళ్లించాను. పాత విండోస్ కంప్యూటర్లో ఫోల్డర్ ఇంకా ఉంది, కానీ షేర్ తీసేశాను. వచ్చే సెలవుకి రెండో డిస్కులోకి రాత్రి బ్యాకప్ పెట్టి, అందులోంచి ఒక ఫోల్డర్ వెనక్కి తెచ్చి చూస్తాను. అది సరిగ్గా వచ్చేదాకా పాత కాపీ చెరపను.