మా గ్రైండర్‌కి ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో దక్కిన మర్యాద

పాత గ్రైండర్‌ని ఎక్స్ఛేంజ్‌కి ఇద్దామనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఈ రాత్రే రాస్తున్నా.

మాది కోయంబత్తూరు టిల్టింగ్ గ్రైండర్. అత్తయ్యగారు 1998లో చీటీ పాడిన డబ్బుతో కొన్నారు. మిక్సీ బ్లేడు జోరుగా తిరిగి పిండిని వేడెక్కిస్తుంది. రాయి నిదానంగా తిరుగుతుంది కాబట్టి పిండి చల్లగా ఉంటుంది, గాలి పట్టి పొంగుతుంది. మినప్పప్పు వేసి, కాసిని కాసిని నీళ్లు చిలకరిస్తూ, అంచులకి అంటుకున్నది లోపలికి తోస్తూ ఉంటే అరగంటలో వెన్నలా వచ్చేది. మా ఇంట్లో గారెలు తిన్నవాళ్లు మళ్లీ అడిగి వేయించుకోకుండా లేచింది లేదు. అందులో నా చెయ్యి కూడా ఉందనుకోండి.

మొన్న పప్పు సగం నలిగాక కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, మోటార్లో రాగి తీగ చుట్ట (వైండింగ్) మాడిందనీ బుష్షులు కూడా అరిగాయనీ చెప్పి వెళ్లిపోయాడు.

మామయ్యగారు రిటైరైన హెడ్మాస్టరు. అంత సర్వీసు చేసినదాన్ని ఊరికే పంపిస్తామా అని సభ పెట్టారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, తన పదవీ విరమణకి కప్పిన శాలువానే తీసి దానికి కప్పారు. కరెంటు కోతలప్పుడు తప్ప ఏనాడూ సెలవు పెట్టలేదని ప్రసంగించారు. మా చిన్నాడు వందన సమర్పణ చేశాడు. "ఈ ఇంట్లో నా మాట విన్నది ఇదొక్కటే" అని అత్తయ్యగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఆ అలంకారంతోనే ఆటో ఎక్కించాం. షాపు పేరు చెప్పను, విజయవాడలో పెద్ద షోరూమే. పాత గ్రైండర్ తెస్తే కొత్తదాని మీద వెయ్యి తగ్గిస్తామని పేపర్లో అరపేజీ ప్రకటన ఇచ్చారు. సెక్యూరిటీ అతను దండ చూసి మేము కొత్తది కొని పూజ చేయించామనుకున్నాడు, తలుపు బార్లా తీశాడు. మా ఆయనా ఆటో అబ్బాయీ రొప్పుకుంటూ మోసుకెళ్లి ఏసీ హాలు మధ్యలో దించారు. కొనడానికి వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. ఒకావిడ సెల్ఫీ కూడా తీసుకుంది.

కౌంటర్ కుర్రాడు వచ్చి శాలువా ఎత్తి, ప్లగ్ పెట్టి, స్విచ్ వేశాడు. ఉలుకూ పలుకూ లేదు.

"నడవట్లేదు కదా ఆంటీ. నడిచేవాటికే ఆఫర్."

"నడిస్తే మేమెందుకు మారుస్తాం నాయనా?" అన్నారు మామయ్యగారు.

కుర్రాడు ప్రకటన తెచ్చి అడుగున చీమతలంత అక్షరాలు చూపించాడు. మామయ్యగారు జేబులోంచి భూతద్దం తీసి, చదివి, ఇక క్లాసు మొదలుపెట్టారు. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కి పోచంపల్లి ఇకత్‌కీ తిరుపతి లడ్డూకీ ఉన్నట్టే, ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉందన్నారు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లోకి వచ్చాయి తెలుసా అని నిలదీశారు. వెనకెవరో కిసుక్కుమన్నారు. మేనేజరు ఫోన్ చూసుకుంటూనే, "పూజ చేసిన తుక్కు మేం తీసుకోం సార్, పక్కకి జరపండి, కస్టమర్లకి అడ్డం" అన్నాడు.

తుక్కట! రాయి మీద బొట్టు ఇంకా ఆరలేదు. మరి మేం కస్టమర్లం కామా? మా ఆయన ఫ్యాన్లు చూస్తున్నట్టు నటిస్తూ మూలకి వెళ్లిపోయారు. మొగుళ్ల సంగతి అలాగే ఉంటుంది లెండి.

కాబట్టి ముందే ఫోన్ చేసి, ఆడని సామాను తీసుకుంటారా అని అడగండి. పెద్ద షోరూములకైతే అసలు వెళ్లనే వద్దు. కొత్తది మేం మా వీధి చివర చిన్న కొట్లో తీసుకున్నాం. అడగ్గానే తగ్గించాడు, ఇంటికి తెచ్చి బిగించి మరీ వెళ్లాడు.

పాతదాన్ని పాత ఇనప సామాన్లవాడికి వేశాం. రాయికి పైసా రాదు, మోటార్లో రాగికీ గిన్నె స్టీలుకీ మాత్రం లెక్క కట్టాడు. రాళ్లు వెనక్కి తెచ్చుకున్నాం. శాలువా ఇమ్మంటే, "అది కూడా తూకంలో వచ్చింది బాబాయ్‌గారూ" అని భుజాన వేసుకున్నాడు.