మావాడికి ఆటిజం: కల్యాణకట్ట నుంచి సదరం దాకా

మా ఇల్లు తిరుపతిలో కొర్లగుంట వైపు. రాత్రి ఊరు సద్దుమణిగాక రైల్వేస్టేషన్ మైకు మా మిద్దె మీదికి బాగా వినిపిస్తుంది. మావాడు 'అమ్మా' అనకముందే 'దయచేసి వినండి' అన్నాడు. రైలు నంబరు, ఊరి పేరు, ప్లాట్‌ఫారం, అంతా ఆ మైకు గొంతుతోనే. తెలుగు అయ్యాక హిందీ కూడా. అప్పటికి వాడికి రెండున్నరేళ్ళు. "వీడు స్టేషన్ మాస్టర్ అవుతాడు చూడక్కా" అని పక్కింటి అమ్మాయి నవ్వేది. నేనూ మురిసిపోయేదాన్ని. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడని తెలుసు. దాహమేస్తే నోరు తెరిచి అడగడు, నా చెయ్యి పట్టుకుని బిందె దాకా లాక్కుపోతాడని కూడా తెలుసు. అయినా ఇవన్నీ కలిపి ఆలోచించింది లేదు.

మూడో ఏట పుట్టెంట్రుకలు తీయించాలని మా అత్తమ్మ పట్టుబట్టింది. 2022 మే నెలలో కొండకు పోయాం. కల్యాణకట్టలో టోకెనూ బ్లేడూ తీసుకుని వాణ్ణి మా ఆయన ఒళ్ళో కూర్చోబెట్టాం. నెత్తిన నీళ్ళు పడ్డాయో లేదో, వాడు విల్లులా వెనక్కి వంగిపోయాడు. పిల్లలందరూ ఏడుస్తారు, అక్కడ ఆ గోల ఎప్పుడూ ఉండేదే. కానీ వాడిది ఏడుపు కాదు. తన తల తనే గోడకేసి కొట్టుకోబోయాడు. నా ముంజేతిని కరిచిన గుర్తు వారం దాకా పోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు "ఎంత మొండోడు", "గారాబం ఎక్కువైంది" అన్నారు. సగం గుండుతో ఆపేశాం. ఆ క్షురకుడు పెద్దాయన. విసుక్కోకుండా పక్కన కూర్చున్నాడు. వాడు అలిసి నాయన భుజం మీద నిద్రపోయాక మిగతా సగం తీసి, నాతో మెల్లగా అన్నాడు: "అమ్మా, రోజూ ఎంతోమంది బిడ్డల్ని చూస్తాను. ఏడవడం వేరు, ఇది వేరు. ఒకసారి డాక్టరుకు చూపించు తల్లీ."

నేను చూపించలేదు. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. దేవుడి సన్నిధిలో ఇదేం మాట అనుకున్నాను. ఇంటికొచ్చాక వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాశాం. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాం. ఆ పూజను నేనిప్పుడు తప్పుపట్టను, ఆ రాత్రి నాకు కంటినిండా నిద్ర పట్టింది. "వాళ్ళ నాయనకూ మాటలు నాలుగేళ్ళకే వచ్చాయి" అని అత్తమ్మ అనేది. లాక్‌డౌన్‌లో ఫోన్ చేతికిచ్చినందుకే ఇట్లా అయ్యాడని మా ఆడపడుచు అనేది. అది నా గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఫోన్ ఇచ్చింది నేనే. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. పండగ సీజన్‌లో వాడికి ఫోన్ ఇవ్వకపోతే మిషన్ ముందు కూర్చోవడమే కుదరదు.

చివరికి అంగన్‌వాడీ టీచరమ్మ మాట మీద కదిలాం. "మీవాడు పిల్లల మధ్య ఉంటాడు కానీ పిల్లలతో ఉండడు" అన్నదామె. ఎన్నో రిపోర్టులు చదివాను గానీ అంత సూటిగా ఎక్కడా రాయలేదు.

ముందు చెవి పరీక్ష చేయించమన్నారు. బేరా టెస్ట్ అంటారు. దానికి పిల్లోడు కదలకుండా నిద్రపోవాలి. అందుకని ముందు రాత్రి నిద్ర పోనీయొద్దన్నారు. రాత్రంతా నేనూ మా ఆయనా వంతులవారీగా వాణ్ణి మిద్దె మీద తిప్పాం. వాడికైతే పండగే, వచ్చిపోయే రైళ్ళన్నీ విన్నాడు. పొద్దున మందు తాగించి, నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించి చూశారు. వినికిడి బాగుంది అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చెవుడు అని తేలి ఉంటే మిషన్ పెట్టి సరిచేసుకోవచ్చని లోలోపల మొక్కుకున్నానని ఇప్పటిదాకా మా ఆయనకు కూడా చెప్పలేదు.

2023 ఫిబ్రవరిలో పిల్లల డాక్టరు, ఆ తర్వాత సైకాలజిస్టు చూశారు. రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. వాడు ఆడుకుంటుంటే గంటకు పైగా చూశారు, మమ్మల్ని ప్రశ్నలు అడిగారు. అందులో ఒకటి: "ఆకాశంలో విమానం పోతుంటే వేలితో చూపించి, మీరు చూశారా లేదా అని మీ మొహం వంక చూస్తాడా?" మా ఆయన "చూస్తాడు కదే" అని నా వైపు తిరిగాడు. నేను ఎంత వెతుక్కున్నా ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఊళ్ళో రైళ్ళన్నీ అప్పజెప్పే పిల్లోడు నాకు ఒక్క కాకిని కూడా వేలితో చూపించలేదు.

ఆటిజం అన్నారు. మెదడు పుట్టుక నుంచే వేరే తీరులో ఎదగడమట. ఇది రోగం కాదు కాబట్టి నయం చేసే మాత్ర లేదు, కానీ నేర్పితే నేర్చుకుంటాడు అన్నారు. నేను మొదట అడిగింది ఫోన్ గురించే. ఫోన్ వల్ల ఆటిజం రాదని, ఎక్కువ చూస్తే మాటలు నేర్చుకునే సమయం పోతుందని చెప్పారు. టీకా గురించి అత్తమ్మ అడిగింది. తట్టు టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టి 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో 6 లక్షల 57 వేల మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి, అట్లాంటి సంబంధమేమీ లేదని 2019లో తేల్చారు. ఇవి ఆమెకు నేను తర్వాత చదివి చెప్పాను. ఆమె నమ్మింది అనను గానీ, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నాకు ఊరటనిచ్చింది వేరే సంగతి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి మొదట రాశాక, కొన్ని దశాబ్దాల పాటు తల్లికి ప్రేమ లేకపోవడమే కారణమని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారట. జన్యువుల పాత్ర ఎక్కువని తర్వాతే తెలిసింది. నన్ను ఆడిపోసుకోవడానికి ఒక్క ఆడపడుచే ఉంది, పాపం ఆ తల్లులు డాక్టర్ల చేత కూడా మాటలు పడ్డారు.

ఆ రాత్రి నేను ఫోన్‌లో వెతికింది ఒక్కటే. ఇట్లాంటి పిల్లలు ఎంతమంది ఉంటారు? మా చుట్టాల్లో అందరూ "ఎక్కడా చూడలేదమ్మా ఇట్లాంటి పిల్లోణ్ణి" అనేవాళ్ళు మరి. అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 44 మందిలో ఒకరు అని అప్పుడు కనబడింది. మరుసటి నెలలోనే 36లో ఒకరు అన్నారు. 2025లో 31 అయింది. 2000 నాటి లెక్కలో ఇది 150లో ఒకరు. ప్రపంచం మొత్తానికి 2021 అంచనా 127 మందిలో ఒకరు. మన దగ్గర దేశమంతా ఇంటింటికీ తిరిగి ఆటిజాన్ని లెక్కపెట్టింది లేదు, 2011 జనాభా లెక్కల్లో ఆటిజానికి ప్రత్యేకంగా గడి కూడా లేదు.

నేను లెక్కల్లో మొద్దునే అయినా ఆ 127 పట్టుకుని కూర్చున్నాను. అలిపిరి నుంచి కొండెక్కే బస్సులో ఒక 50 మంది అనుకుంటే, రెండున్నర బస్సులకు ఒకరు. ఆ బస్సులు రోజంతా ఎక్కుతూనే ఉంటాయి. 2011లో తిరుపతి జనాభా 2 లక్షల 87 వేలు. ఆ పాత లెక్కతోనే మా ఊళ్ళో రెండువేల పైచిలుకు మంది ఉండాలి. మరి వాళ్ళంతా ఎక్కడ? మా లాగే తలుపులు వేసుకుని ఉంటారు అనుకున్నాను.

అప్పుడే మా పెద్దమామ గుర్తొచ్చాడు. మా అమ్మకు అన్న. పుట్టింటి వాళ్ళది పాకాల దగ్గర. మామ దామలచెరువు మామిడి మండీలో కాయలు ఏరేవాడు. చేతిలోకి తీసుకుంటే చాలు, ఏ గంపలో పడాలో తెలిసిపోయేది. మండీ యజమాని వేరేవాళ్ళు ఏరిన గంపను మళ్ళీ మామ చేత ఏరించేవాడు. మామ మనిషి మొహం చూసి మాట్లాడేవాడు కాదు. ఒకే పళ్ళెం, ఒకే చోటు. పెళ్ళిలో మేళం మోగితే చెవులు మూసుకుని చెరువు కట్ట మీదికి పోయేవాడు. ఊరంతా 'వెర్రిబాగులోడు' అనేది. పెళ్ళి కాలేదు. పోయి పన్నెండేళ్ళయింది. మామకు ఏముందో ఇప్పుడు నేను పరీక్ష చేయలేను. కానీ "మా కాలంలో ఇవన్నీ లేవు" అని అమ్మ అంటే, "మామ ఉన్నాడు కదమ్మా" అన్నాను. చాలాసేపు చింతపండు పిసుకుతూనే ఉండిపోయింది. లెక్క ఇంత పెరగడానికి పిల్లలు మారిపోవడమొక్కటే కారణం కాదట. ఏది ఆటిజం అనే గీత విశాలమైంది, చూసే కళ్ళు పెరిగాయి. ఆడపిల్లల్ని ఇప్పటికీ సరిగ్గా పట్టుకోలేకపోతున్నారు, సిగ్గరి అనో నెమ్మదస్తురాలు అనో వదిలేస్తారు.

తర్వాత ఒక ఏడాది డబ్బు పోగొట్టుకోవడంలో గడిచింది. ఆరు నెలల్లో మామూలుగా చేసి ఇస్తామన్న సెంటర్‌కు నా గాజులు పోయాయి. పేరు చెప్పను. గోధుమలు, పాలు మాన్పించమన్నారు, ఏవో పొడులు అమ్మారు. అసలే పెరుగన్నం తప్ప తినని పిల్లోడు, పెరుగు ఆపేసరికి రెండు కిలోలు తగ్గాడు. మొదట చూసిన డాక్టరు గట్టిగా కోప్పడితే గానీ నాకు బుద్ధి రాలేదు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు థెరపీ. రెండు రోజులు మాటలు నేర్పే స్పీచ్, మిగిలిన రోజు రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్. ముప్పావుగంట క్లాసు, మొదటి ఐదు నిమిషాలు చెప్పులు విప్పడంతోనే సరి. స్పీచ్ టీచరు చిన్నపిల్ల, కొత్తగా చదువు పూర్తిచేసి వచ్చింది. రైలు మైకు మాటల్ని మాన్పించమంటుందేమో అనుకున్నాను. "వాడి దగ్గర ఉన్న భాష అదే కదక్కా, దాంట్లోనే మన మాటలు ఎక్కిద్దాం" అంది. నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి "దయచేసి వినండి, పెరుగన్నం మరికొద్ది సేపట్లో" అని ఆగాడు. నేను "రానున్నది" అన్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయినా కదల్లేదు నేను.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సర్కారు కాగితం, దాని సంగతి చెప్పాలి, చాలామంది నన్ను అడిగేది ఇదే. వార్డు సచివాలయంలో ఆధార్ ఇచ్చి స్లాట్ బుక్ చేయించాలి. మొదటిసారి వెళితే ఆ రోజు సంబంధిత డాక్టరు రాలేదు. రెండోసారి స్లాట్ దొరకడానికి మూడు నెలలు. అక్కడ ఉద్యోగి ఒకాయన మావాణ్ణి కింది నుంచి పైదాకా చూసి, "కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదమ్మా" అన్నాడు. 2016 చట్టం ఒప్పుకున్న 21 వైకల్యాల్లో ఆటిజం ఉందని నా దగ్గర ప్రింట్ ఉంది. తీసి చూపించాను. ఆయన చదవలేదు కానీ ముందుకు పంపాడు.

లోపల 40 అంశాల పరీక్ష. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. కంటికి కన్ను కలుపుతాడా, ఒకే పని మళ్ళీ మళ్ళీ చేస్తాడా, నొప్పి తెలుస్తుందా. ఈ పరీక్షలో మార్కులు తక్కువ వస్తే మంచిది, సర్టిఫికెట్‌కు మాత్రం 70 అన్నా రావాలి. ఏ తల్లికీ ఇట్లాంటి పరీక్ష రాకూడదు. పిల్లోడు బాగా చెయ్యాలనీ ఉంటుంది, చెయ్యకూడదనీ ఉంటుంది. మావాడికి 92. అంటే తేలికపాటి ఆటిజమే, కాగితం మీద 60 శాతం వైకల్యం. ఈ రెండు మాటలూ ఒకే కాగితంలో ఎట్లా ఇముడుతాయో నాకిప్పటికీ అర్థం కాదు. ఒక చిన్న సలహా. రెండు మూడు రోజుల ముందు నుంచి ఇంట్లో వీడియోలు తీసి పెట్టుకోండి. మావాడు ఆ రోజు హాల్లో ఫ్యాన్ చూస్తూ బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. వీడియోలే లేకపోతే వెనక్కి పంపేవాళ్ళు.

ఆ హాల్లోనే చూశాను మిగతా వాళ్ళను. సత్యవేడు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన తల్లి, కూతురిని చీర కొంగుతో నడుముకు కట్టుకున్న నాన్న, ఇరవై రెండేళ్ళ కొడుక్కి నోరు తుడుస్తున్న ఒక అవ్వ. ఆ అవ్వ నన్నేమీ అడగలేదు, సంచిలోంచి రెండు జామకాయలు తీసి మావాడి చేతిలో పెట్టింది. పద్దెనిమిదేళ్ళు నిండాక చట్టప్రకారం గార్డియన్‌గా ఎవరుండాలో కలెక్టరు అధ్యక్షుడుగా ఉండే కమిటీ తేలుస్తుందని ఆమెకు తెలుసు, నాకే తెలియదు. తన తర్వాత ఎవరి పేరు రాయాలో మాత్రం ఆమెకూ తెలియలేదు.

వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, వచ్చింది. నెలకు 6000 పెన్షన్‌కు దరఖాస్తు పెట్టాం, ఇంకా రాలేదు. నిరామయ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష దాకా. థెరపీకి కూడా కొంత ఇస్తారు. అది తీసుకున్నాం. మూడు ప్రైవేటు బళ్ళు సీటు లేదన్నాయి, అందులో ఒకటి అప్పటిదాకా సీట్లున్నాయని ఫ్లెక్సీ కట్టిన బడి. ఇప్పుడు మునిసిపల్ స్కూల్లో ఒకటో తరగతి. వారంలో రెండు రోజులు ఇట్లాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రానికి తీసుకెళతాను. మే నెలలో గంగమ్మ జాతర వారం మేము ఊళ్ళో ఉండం. డప్పులు మోగితే వాడు మంచం కింద దూరి రాత్రిదాకా రాడు. అమ్మవారికి ముందే సారె ఇచ్చేసి పాకాల వెళ్ళిపోతాం. మొదటి ఏడాది అత్తమ్మ అలిగింది, రెండో ఏడాది తనే బ్యాగు సర్దింది.

జుట్టు ఇప్పటికీ యుద్ధమే. మంగలి షాపు, మిషన్, నీళ్ళు, ఏవీ కుదరవు. థెరపీలో చెప్పినట్టు నా బట్టల కత్తెరతో ఇంట్లోనే చేస్తున్నాను. కత్తెర ముందు వాడి చేతికిచ్చి, గుడ్డపేలిక కత్తిరించనిస్తాను. తర్వాత నా వంతు. రోజుకు నాలుగు కత్తిరింపులు, వాడే లెక్క పెడతాడు. నాలుగు అనగానే ఆపెయ్యాలి, ఐదోది పడిందంటే మళ్ళీ నెల రోజులు దగ్గరికి రానివ్వడు. ఈ సోమవారం మొదలుపెట్టాం. కుడివైపు అయిపోయింది, వెనక కొంచెం మెట్లు మెట్లుగా ఉంది. ఎడమ చెవి పైన ఇంకా మిగిలింది.