పంటు మీద కౌలు లెక్క

వరద తగ్గి పంటు (మనుషుల్నీ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) మళ్లీ తిరగడం మొదలుపెట్టాక నరసాపురం వెళ్లాను. మాధవాయిపాలెం రేవులో ఎండలో నిలబడ్డంతసేపూ ఒకటే చిరాకు. ఇంత రద్దీ దారిలో, అంత వశిష్ఠ గోదావరిని దాటడానికి ఇప్పటికీ పంటే దిక్కు. వద్దనుకుంటే పాలకొల్లుకు వెనక్కి వెళ్లి చించినాడ వంతెన ఎక్కి, దిండి, రాజోలు చుట్టి రావాలి. భీమవరం నుంచి బస్సులో నిలబడే వచ్చాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది, సంతోషమే. నేనూ సున్నా టికెట్టుతోనే వచ్చాను. కానీ జనం పెరిగినంతగా బస్సులు పెరగకపోతే ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఎక్కడ కూర్చోవాలి? పాలకొల్లులో తిన్న దిబ్బరొట్టె బాగుంది. నరసాపురంలో లాడ్జి గదికి వాళ్లు అడిగిన అద్దె మాత్రం మా నరసరావుపేటలో ఎవరూ ఇవ్వరు.

అంతర్వేది వెళ్లి, అన్నాచెల్లెలి గట్టు దగ్గర గోదావరి సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చుని రావాలన్నది నా ఆలోచన. చివరికి వెళ్లాను, చూశాను. గుడి గురించీ సంగమం గురించీ రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది పంటు మీద పరిచయమైన ఒక అక్క గురించి.

మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల వ్యాను, రెండు కార్లు ఎక్కాక మిగిలిన సందులో ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. యాభై ఏళ్లు దాటి ఉంటాయి. మెడలో పసుపు తాడు తప్ప ఇంకేమీ లేదు. చేతిసంచిలో బ్యాంకు కాగితాల పక్కన ఎర్ర అక్షరాల కరపత్రం కనిపించింది. "ఏ ఊరమ్మా మీది?" అని ఆవిడే పలకరించింది. చెప్పాను. "అంత దూరం నుంచా అండి! అయితే మీకు మిరప తెలుసు, మాకు వరి తెలుసు" అంది. నరసాపురంలో గొలుసు తాకట్టు పెట్టి వస్తోందట. ఊడ్పులు అయిపోయాయి, కలుపుకూ ఎరువుకూ డబ్బు కావాలి.

పంట రుణం తీసుకోవచ్చు కదా అక్కా అన్నాను. ఆ మాటతో కథంతా బయటికి వచ్చింది.

ఆవిడ కొన్నేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. కోనసీమలో ఇది వింత కాదు. ఈ మండలాల నుంచి గల్ఫుకు వెళ్లి పిల్లల్ని చదివించిన తల్లులు ఊరూరా ఉన్నారు. తెచ్చుకున్న డబ్బు కొంత కూతురి పెళ్లికి, మిగిలింది కౌలు సేద్యానికి పోయింది. రెండెకరాలు. పొలం యజమాని, అంటే ఆసామి, హైదరాబాదులో ఉంటాడు. సార్వాకు (వానాకాలం పంట) ఎకరానికి పదమూడు బస్తాలు, దాళ్వాకు (రెండో పంట) పదిహేడు ఆయనకు కొలవాలి.

లెక్క ఆవిడే చెప్పింది. సార్వాలో గాలివాన లేకుండా, మురుగు కాలువ పొంగకుండా ఉంటే ఎకరానికి ముప్పయి బస్తాలు. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు కాబట్టి 75 కిలోల బస్తాకు 1,777 వరకు రావాలి. పదమూడు బస్తాలు ఆసామికి పోతే మిగిలేవి పదిహేడు, అంటే ముప్పయి వేల చిల్లర. దమ్ము, ఊడ్పు, కలుపు, ఎరువులు, కోత కలిపి ఖర్చూ అంతే అవుతుంది. అదీ తేమ 17 శాతం దాటకుండా, మిల్లరు తరుగు తీయకుండా ఉంటేనే. సార్వా అంతా వడ్డీకి సరిపోతుందనీ, దాళ్వా పండితేనే తిండి అనీ అంది.

"మరి బ్యాంకు రుణానికి కౌలు రైతు కార్డు?"

"ఆసామి సంతకం పెట్టరండి."

ఆ రెండు ముక్కల్లోనే డెల్టా కౌలు రైతు కష్టమంతా ఉంది. 2011లో వచ్చిన సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డు ఇచ్చేటప్పుడు యజమాని సంతకం తప్పనిసరి కాదు. అధికారులు విచారించి ఇచ్చేవారు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ సంతకాన్ని తెచ్చిపెట్టింది. కార్డు చెల్లేది పదకొండు నెలలే, దానితో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. అయినా 1956 నాటి కౌలుదారుల చట్టం కాలం నుంచి ఆసాముల్లో పాతుకుపోయిన భయం పోలేదు. సంతకం పెడితే పొలం పోతుందనే అనుకుంటారు. సంతకం లేకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే సకాలంలో కడితే నాలుగు శాతం పడే పంట రుణం రాదు, నూటికి రెండు రూపాయల వడ్డీయే గతి. 2025 ఆగస్టు 2న రైతులకిచ్చే సాయం, అన్నదాత సుఖీభవ, తొలి విడతగా కేంద్రం వాటాతో కలిపి ఏడు వేలు హైదరాబాదులో ఉన్న ఆసామి ఖాతాలో పడ్డాయి. కార్డు ఉన్న కౌలు రైతుకూ ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. ఈవిడకు ఆ కార్డే లేదు.

ఇక ఆ కరపత్రం. సీపీఎం వాళ్లది. యజమాని సంతకంతో పని లేకుండా ప్రతి కౌలు రైతుకూ కార్డు, ఉపాధి హామీలో ఏడాదికి 200 రోజుల పని, పేదలకు ఇళ్ల స్థలాలు, రేషను దుకాణంలో బియ్యంతో పాటు మిగతా సరుకులు. మీరు ఓటు కూడా వాళ్లకే వేస్తారా అని అడిగాను. "పోటీలో ఉంటే కదండీ వేయడానికి" అంది. నిజమే. 1955లో ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో ఘోరంగా ఓడిపోయారన్నప్పుడు కూడా కమ్యూనిస్టులకు 15 స్థానాలు దక్కాయి. విభజన తర్వాత 2014, 2019, 2024 ఎన్నికల్లో ఈ రాష్ట్రం నుంచి ఒక్క కమ్యూనిస్టు ఎమ్మెల్యే కూడా గెలవలేదు. అయినా ఊళ్లో కార్డు గురించి అడిగేవాళ్లు, తహసీల్దారు కార్యాలయం ముందు ఎండలో కూర్చునేవాళ్లు వాళ్లేనని ఆవిడ చెప్పింది. సభలో ఒక్క గొంతు కూడా లేని పార్టీ పట్టుకున్న ఈ కోరికను, నూరు సీట్లు దాటి గెలిచిన పార్టీలు తమ మేనిఫెస్టో మొదటి పేజీలో ఎందుకు పెట్టుకోవు? నాకు ఆ పార్టీతో ఏ బంధమూ లేదు. కానీ ఈ విషయంలో వాళ్లు చెప్పేదే న్యాయం.

సఖినేటిపల్లి రేవు వచ్చేసింది. ఆవిడ షేర్ ఆటో ఎక్కుతూ కరపత్రం నాకిచ్చి, "చదువుకున్నవాళ్లు, మీరుంచుకోండి" అంది. అంతర్వేదికి ఆటో అతను రెండు వందలు అడిగాడు, నూట యాభైకి ఒప్పుకున్నాడు. దారి పొడవునా కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు. నా బుర్రలో మాత్రం మా నాన్న.

మా వైపు కౌలు బస్తాల్లో కాదు, డబ్బులో. మిరపకైతే ముందే కట్టాలి. నాన్న పదిహేనేళ్లు ఒకే చేను చేశాడు. నాన్నకు జబ్బు చేసిన ఏడు అమ్మ ఆసామి ఇంటికి వెళ్లి, ఈసారి నేనే చేయిస్తాను, చేను మాకే ఉంచండి అని అడిగింది. పొలం పని మొత్తం తెలిసిన మనిషి అమ్మ. విత్తనం దగ్గర నుంచి కల్లం దాకా ఆమె చేతి మీదుగానే నడిచేది. "మాట మీ ఆయనతో కదమ్మా" అని ఆయన చేను ఇంకొకరికి ఇచ్చేశాడు. కాగితం లేదు కాబట్టి ఎవరినీ అడగడానికి లేదు. ఉన్నా అందులో అమ్మ పేరు ఉండేది కాదు.

అందుకే మర్నాడు రాజోలులో బస్సు కోసం చూస్తూ, ఆ కరపత్రం మీదున్న కౌలు రైతుల సంఘం మనిషిని వెతుక్కుంటూ వెళ్లాను. టీ దుకాణం బల్ల మీద అర్జీలు రాస్తూ కనిపించారు. పెద్దాయన, బాగా మాట్లాడారు. ఇళ్ల పట్టా గానీ భూమి పట్టా గానీ భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఇవ్వాలని తమ పార్టీ ఎప్పటి నుంచో అడుగుతోందని చెప్పారు. మరి కౌలు కార్డు మాటేమిటండీ అన్నాను. కార్డు సాగుదారుకే కదమ్మా అన్నారు. సాగుదారు అనగానే వీఆర్వో ఎవరి పేరు రాసుకుంటాడండీ అని అడిగాను. కువైట్ డబ్బుతో సేద్యం చేస్తున్న అక్క సంగతి, మా అమ్మ సంగతి చెప్పాను. రేపు ఆ ఇంటాయనకు ఏదైనా జరిగితే, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి వచ్చే పరిహారానికి కూడా కార్డే ఆధారం. కార్డు ఆయన పేరున ఉంటే ఆ డబ్బయినా రావచ్చు, చేను మాత్రం ఆమెకు మిగలదు. పట్టాలో ఇద్దరి పేర్లూ కావాలనే పార్టీ, పదకొండు నెలల కార్డులో ఆ మాట ఎందుకు అడగకూడదు?

ఆయన కలం పక్కన పెట్టారు. కొంతసేపు వాదించారు. ముందు సంతకం గొడవ తేలనివ్వండి, రెండూ కలిపి అడిగితే అధికారులు రెండూ తోసేస్తారన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆడవాళ్ల పేరు ఎప్పుడూ తర్వాతి అర్జీలోకే వెళుతుందండీ, ఆ అర్జీ రాసే రోజు రాదు అన్నాను. పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న ఇద్దరు ఆడవాళ్లు, కొబ్బరి దింపుల కూలీలు అనుకుంటాను, "అదీ నిజమేనండి" అన్నారు.

సంఘం మండల సభలో ఈ విషయం పెడతానని, పెట్టాక ఏమైందో చెబుతానని ఆయన నా నంబరు రాసుకున్నారు. నేను ఆ అక్క ఊరు పేరు చెప్పి, సభకు ఆవిడను పిలిచి మాట్లాడించమన్నాను. అమలాపురం బస్సు వచ్చింది. ఈసారి సీటు దొరికింది.