గోడ దాటిన బెల్లం: నా అనుభవం

మా పిల్లి పేరు బెల్లం. ఒంటి రంగు చూసి మా అబ్బాయి పెట్టిన పేరు అది. బెంగళూరు రామమూర్తినగర్‌లో మేముండే వీధిలో ఇళ్లన్నీ ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు సైట్లలో కట్టినవే కావడం వల్ల, మా సజ్జకూ పక్కింటి పిట్టగోడకూ మధ్య మూడడుగుల సందు కూడా లేదు. రెండేళ్లపాటు బెల్లం తెల్లవారుజామున వంటింటి కిటికీలోంచి బయటపడి, ఎండెక్కాక తిరిగివచ్చి, గిన్నె ముందు కూర్చునేవాడు. ఆ మధ్య సమయంలో వాడు ఎవరి ఇంట్లో ఏం చేస్తున్నాడో నేను ఎన్నడూ ఆరా తీయలేదు. పిల్లి అన్నాక తిరగకుండా ఉంటుందా అనే మాట నా నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

సంక్రాంతి వెళ్లిన మరుసటి వారం పక్కింటి పిన్నిగారు పిట్టగోడ దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఒకసారి మా మిద్దె మీదికి వస్తావా?" అని పిలిచారు. ఆవిడది కోలారు వైపు పల్లె. తరాలుగా కర్ణాటకలోనే ఉన్నా వారింట్లో మాట్లాడేది తెలుగే. మేము మదనపల్లె నుంచి వచ్చిన కొత్తలో గ్యాస్ కనెక్షన్ మొదలుకొని పాలవాడి వరకు అన్నీ చూపించింది ఆవిడే కనుక, పిన్నీ అనే పిలుపు మొక్కుబడిది కాదు. పైకి వెళ్లి చూస్తే, పాత పంచె మీద ఆరబెట్టిన బూడిద గుమ్మడికాయ వడియాల మధ్యనుంచి ఒక మూల నుంచి ఇంకో మూలకు అడుగుల వరుస సాగి ఉంది. తడి ఆరని వడియాల్లో నాలుగు వేళ్ల గుర్తులు స్పష్టంగా దిగాయి. వరుసగా పెట్టిన ఎనిమిది కుండీలలో కొత్తిమీర కుండీ మరీ ఘోరంగా ఉంది. మొలకలన్నీ ఒక పక్కకు తోసివేయబడి, మధ్యలో మట్టి కుప్పగా చేరి ఉంది. ఆ కుప్ప కింద ఏముందో వాసనే చెప్పింది.

"మా వాడు కాకపోవచ్చు పిన్నీ, వీధిలో పిల్లులు చాలానే ఉన్నాయి కదా," అన్నాను. ఆవిడ వాదించలేదు. వచ్చే నెల కూతురు పురిటికి వస్తోందని, ఆసుపత్రిలో డాక్టరు ఇంట్లో గానీ చుట్టుపక్కల గానీ పిల్లులున్నాయా అని ప్రత్యేకంగా అడిగారని మాత్రం చెప్పి ఊరుకున్నారు. నేను కిందికి దిగుతూ, ఈ కాలపు డాక్టర్లు భయపెట్టడానికే ఉన్నారని మనసులో అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

బెల్లం నిర్దోషి అని నిరూపించాలనే పంతంతో నేను ఒక పని చేశాను. పొడవాటి కాగితం ముక్క మీద, "నా పేరు బెల్లం. నేను మీ ఇంటికి వస్తుంటే ఈ నంబరుకు చెప్పండి" అని తెలుగులోనూ కన్నడలోనూ రాసి, నా ఫోను నంబరు వేసి, వాడి మెడకు వదులుగా చుట్టి, చివర్లు చిన్న టేపుతో అంటించాను. కాగితమైతే ఎక్కడైనా చిక్కుకున్నా చినిగిపోతుంది, మెడకు ఉరి పడదు. నాలుగు రోజుల్లో మూడు ఫోన్లు వచ్చాయి. వెనక వీధి పీజీ హాస్టల్లో ఉండే నెల్లూరు కుర్రాళ్లు వాడిని బాస్ అని పిలుస్తూ రోజుకో ఉడికించిన గుడ్డు పెడుతున్నారట. మూలమీది ఇంట్లో ఒంటరిగా ఉండే కన్నడ అజ్జి (అవ్వ) వాడికి రాజా అని పేరు పెట్టి, చేపలు కొన్న రోజున తలకాయలు దాచి ఉంచుతున్నారట. వాడు బరువు పెరుగుతున్నాడని మేము ఇంట్లో తిండి తగ్గించి, ఆకలితో ఉన్నాడేమోనని బాధపడుతున్న రోజులవి.

మూడో ఫోను పిన్నిగారిది. ఆవిడ మాట్లాడకుండా ఒక వీడియో పంపారు. పొద్దున్న అయిదూ నలభైకి, కొత్తిమీర కుండీలో బెల్లం తీరికగా కూర్చుని ఉన్నాడు. మెడలో నా చేతిరాతతో నా ఫోను నంబరు ఉంది.

అప్పటికీ నా పంతం పూర్తిగా చావలేదు. పిల్లి వల్ల గర్భిణికి ప్రమాదం అనేది వట్టి అపోహ అని పశువైద్యురాలి చేత చెప్పించుకుని, ఆ మాటను పిన్నిగారికి వినిపిద్దామనే ఉద్దేశంతో క్లినిక్‌కు వెళ్లాను. ఆవిడ చెప్పింది నేను కోరుకున్నదానికి దాదాపు వ్యతిరేకంగా ఉంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి పేగుల్లో పెరిగి, దాని మలంలో గుడ్లలాంటి కణాలుగా బయటికి వస్తుంది. ఎలుకనో పిట్టనో పచ్చిమాంసాన్నో తిని తొలిసారి సోకించుకున్న పిల్లి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలపాటు మాత్రమే వాటిని విసర్జిస్తుంది. అప్పుడే పడిన మలం వెంటనే సోకదు. ఆ కణాలు అంటుకునే దశకు రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది కనుక, ఇంట్లో డబ్బాను రోజూ శుభ్రం చేస్తే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. పిల్లిని నిమిరితే వచ్చే ముప్పు కూడా అరుదే. "కానీ మట్టిలో పూడ్చిపెట్టిందనుకోండి, తేమ ఉన్నచోట ఆ కణాలు ఏడాదికి పైగా బతికి ఉండగలవు," అని ఆవిడ అన్నప్పుడు నాకు ఎనిమిది కుండీలూ కళ్ల ముందు మెదిలాయి. గర్భంతో ఉన్న సమయంలో తల్లికి తొలిసారి సోకితే అది బిడ్డకు చేరే అవకాశం ఉంది. అంటే, పిల్లిని పెంచుకుంటూ డబ్బాను రోజూ ఎత్తిపోసే ఇంటికన్నా, పిల్లిని పెంచకుండా పొరుగు పిల్లికి మిద్దెతోటను మరుగుదొడ్డిగా ఇచ్చిన ఇంటికే చిక్కు ఎక్కువ. లాభం నాది, ముప్పు వారిది అన్నమాట.

ఆ సాయంత్రం వెళ్లి క్షమాపణ అడిగాను. కుండీలలోని మట్టి అంతా తీసివేయించి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు తెచ్చి మళ్లీ నింపించే ఖర్చు నాదే అన్నాను. చేతులకు తొడుగులు వేసుకుని పాత మట్టిని సంచులకెత్తింది కూడా నేనే, ఎందుకంటే పనిమనిషి చేత చేయించడం న్యాయం అనిపించలేదు. కొత్త మట్టి మీద కోళ్లగూటికి వాడే ఇనుప జాలీని గుండ్రంగా కత్తిరించి పరిచి, పైన పలచగా మట్టి చల్లాము. మొలకలు కన్నాల్లోంచి పైకి వస్తాయి, పిల్లికి తవ్వడానికి మాత్రం పట్టు దొరకదు. నారింజ తొక్కలు చల్లితే పిల్లి రాదని ఎవరో చెప్పగా అదీ చేసి చూశాము. రెండు రోజుల్లో తొక్కలు ఎండిపోయాయి, వాటి ప్రభావమూ పోయింది.

ఇక ఎదురింటి అంకుల్ సంగతి. ఆయన స్కూటర్ సీటు మీద బెల్లం తోకెత్తి మూత్రం చిమ్మడం మూడు నెలలుగా జరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది. వీధి వాట్సాప్ గ్రూపులో ఆయన ఎలుకల మందు గురించి ఒక మాట రాశారు. నాకు చేతులు వణికాయి. హైకోర్టులో ప్రాక్టీసు చేసే మా బావగారికి ఫోను చేస్తే, భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షను ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం కలిగించినా అయిదేళ్ల వరకు జైలు పడవచ్చని, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా ఉందని చెప్పారు. నేను ఆలోచించకుండా ఆ సెక్షనును గ్రూపులో పెట్టేశాను. అది నేను చేసిన పెద్ద తప్పు. చట్టం నా పక్కన ఉన్నమాట నిజమే గానీ, మూడు నెలలుగా సీటు కడుక్కుంటున్న మనిషికి నేను పంపిన మొదటి జవాబు జైలు అయింది. ఆయన రెండు వారాలు మాట్లాడలేదు.

సంఘం కార్యదర్శి పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల హొసకోట వైపు వదిలేయమని ఉచిత సలహా ఇచ్చారు. తిండీ నీళ్లూ లేక అలమటించే చోట జంతువును వదిలివేయడం కూడా ఆ 1960 చట్టం కింద నేరమే. మరి నా పిల్లి చేసిన నష్టం మాటేమిటని బావగారిని అడిగాను. ఆయన నవ్వి, 1926లో ఇంగ్లండులో ఒకరి పిల్లి పొరుగువారి పదమూడు పావురాలను, రెండు చిన్నజాతి కోళ్లను చంపితే, పిల్లి స్వభావమే అంత అని యజమానిని బాధ్యుడిని చేయలేదని చెప్పారు. మన దగ్గర కూడా 2024లో, పొరుగింటివారు తన పిల్లిని నిర్బంధించారని బెంగళూరు ప్రాంతపు మహిళ ఒకరు పెట్టిన కేసు అభియోగపత్రం దాకా వెళ్లగా, కర్ణాటక హైకోర్టు అలాంటి అల్ప విషయాలతో న్యాయవ్యవస్థను నింపడం తగదంటూ విచారణ మీద స్టే ఇచ్చింది. "కోర్టుకు వెళ్తే మీరిద్దరూ ఓడిపోయినట్టే, అమ్మా," అన్నారు.

దాంతో చేయవలసినవన్నీ ఇంటి లోపలే ఉన్నాయని తేలింది. మొదట పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. మగపిల్లి చిమ్మడానికి, ఊళ్లు పట్టుకు తిరగడానికి అది చాలావరకు విరుగుడు అని, అయితే ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, కొన్నింటిలో అలవాటు పూర్తిగా పోదని వైద్యురాలు ముందే హెచ్చరించారు. అదే నెలలో రేబిస్ టీకాతోపాటు మూడు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా కూడా వేయించి, టీకా పుస్తకం జిరాక్సులు పిన్నిగారికీ ఎదురింటికీ ఇచ్చాను. పొరపాటున ఎవరికైనా గోరు గీరుకుంటే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని, ఆ ఖర్చు మాదని దాని వెనక రాశాను.

తర్వాత బాల్కనీ. పావురాలకు కట్టే నైలాన్ వల కట్టించాను. ఎనిమిదో రోజున బెల్లం ఒక మూల కొరికి, తల పట్టేంత కన్నం చేసి వెళ్లిపోయాడు. రెండోసారి వెల్డింగ్ జాలీ బిగించాల్సి వచ్చింది. వంటింటి కిటికీకి కూడా అదే. వల డబ్బు దండుగ అయింది కనుక, ఈ పని తలపెట్టినవారు నేరుగా ఇనుప జాలీకే వెళ్లడం మేలు. మలవిసర్జనకు మొదట మామూలు ఇసుక పోస్తే పాదాలకు అంటుకుని మంచం దాకా వచ్చింది. తర్వాత ముద్దగా గట్టిపడే బంకమట్టి గుళికలు తెచ్చాము. ఒక్క డబ్బా చాలదని, పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువగా పెట్టాలని వైద్యురాలు చెప్పడంతో స్నానాలగది దగ్గర ఒకటి, బాల్కనీలో ఒకటి పెట్టాము.

పదకొండు రాత్రులు వాడు తలుపు దగ్గర కూర్చుని ఏడ్చాడు. అది మ్యావు కాదు, సాగదీసిన మూలుగు. రెండో రాత్రి మా ఆయన తలుపు తీయబోతే నేనే ఆపాను. మూడో వారానికి, పడుకునే ముందు నూలు బంతితో పావుగంట పరుగెత్తించి, ఆ తర్వాతే తిండి పెడితే తెల్లవారేదాకా పడుకుంటున్నాడని కనిపెట్టాము.

అన్నిటికన్నా కష్టమైనది అజ్జికి చెప్పడం. పీజీ కుర్రాళ్లు ఒక్క మాటతో అర్థం చేసుకున్నారు. అజ్జి మాత్రం "రాజా రావడం లేదేం?" అని గేటు దగ్గర నిలబడి అడిగారు. ఇంకొకరి పిల్లికి తిండి పెట్టి దాన్ని వీధికి అలవాటు చేయడం సరికాదని నేను కూడబలుక్కున్న కన్నడ వాక్యం గొంతులోనే ఆగిపోయింది. ఆవిడను ఇంట్లోకి పిలిచాను. ఇప్పుడు ఆవిడ వారానికి రెండుసార్లు సాయంత్రం వచ్చి, ఉప్పూ ఉల్లిపాయా వేయకుండా ఉడికించి, ముల్లు తీసిన చేపముక్క తన చేత్తో పెట్టి వెళ్తున్నారు.

స్కూటర్ సీటును నేను వెనిగర్ నీళ్లతో మూడుసార్లు కడిగాను. అమ్మోనియా ఉన్న ద్రావణాలు వాడకూడదు, ఆ వాసన మూత్రాన్నే గుర్తుచేసి పిల్లిని మళ్లీ రప్పిస్తుంది. కొత్త సీటు కవరు కొనిస్తానంటే అంకుల్ తీసుకోలేదు. మందు సంగతి కోపంలో అన్నానని మాత్రం ఒకరోజు లిఫ్టు లేని మా మెట్ల దాకా వచ్చి చెప్పి వెళ్లారు. ఆయనకు నా మీద కోపం ఇంకా కొంత ఉంది, ఉండనివ్వండి.

పిన్నిగారితో మాట మీదే ఒక ఒప్పందం కుదిరింది. బెల్లం ఎప్పుడైనా తప్పించుకుని వస్తే ఆవిడ చెంబుతో నీళ్లు చిలకరించవచ్చు, చప్పట్లు కొట్టవచ్చు. కర్ర, రాయి వద్దు. ఎన్ని గంటలైనా ముందు నాకు ఫోను చేయాలి, నేను వెళ్లి తెచ్చుకోవాలి, వాడు పాడుచేసింది నేనే శుభ్రం చేయాలి. మార్చిలో ఒకసారి గ్యాస్ సిలిండర్ అబ్బాయి తలుపు తీసిపెట్టినప్పుడు అది అమలైంది కూడా. నేను వెళ్లేసరికి బెల్లం తడిసి ముద్దయి నీళ్లట్యాంకు వెనక నక్కి ఉన్నాడు. పిన్నిగారు చెంబు పట్టుకునే ఉన్నారు.

ఏప్రిల్‌లో వారింట మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఇరవయ్యొకటో రోజు బారసాల భోజనానికి వెళ్లినప్పుడు, జాలీ వేసిన కుండీలలో కొత్తిమీర జానెడు ఎత్తు పెరిగి ఉండటం చూశాను. జాలీ చాలక ఆఖరి రెండు కుండీలకు వేయలేదు, ఆ సంగతి నేనూ మరిచిపోయాను. పోయిన ఆదివారం పొద్దున్నే పిన్నిగారి దగ్గరనుంచి ఫోటో వచ్చింది. మెంతికూర కుండీలో బూడిదరంగు పిల్లి ఒకటి, చెవి చివర చినిగినది, కెమెరా వైపే చూస్తోంది. కింద ఆవిడ రాశారు: "మీ వాడు కాదులే." బాల్కనీకి వాడగా మిగిలిన జాలీ ముక్క అటక మీద ఉంది. కత్తెర తీసుకుని పైకి వెళ్లాను.