హిప్‌హాప్ ఆల్బములు విడుదలైన వరుసలో: 34 వారాల లెక్క

పోయిన వినాయక చవితి మర్నాడు మొదలుపెట్టాను. నియమం ఒక్కటే. హిప్‌హాప్‌లో పేరున్న ఆల్బములన్నీ విడుదలైన తేదీల వరుసలో, వారానికి ఒకటి చొప్పున, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినాలి, మధ్యలో ఏదీ దాటెయ్యకూడదు. ఇవాళ్టికి 34 వారాలు, 37 ఆల్బములు. 1980లో బయల్దేరి 1998 సెప్టెంబరు దాకా వచ్చాను. కాలేజీ రోజుల నుంచీ ర్యాప్ (హిప్‌హాప్‌లో బీట్ మీద లయగా మాటలు చెప్పే పాట) వింటూనే ఉన్నా గానీ అక్కడో పాట ఇక్కడో పాట, ఎవరో పంపితే వినడం, అంతే. వరుసలో వింటే ఇన్నేళ్లూ నాకు అర్థం కాని ఒక విషయం తెలిసింది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఎక్కడ వింటున్నానో చెప్పాలి, మిగతా ఏర్పాటంతా దాన్ని బట్టే కుదిరింది కాబట్టి. రోజూ గుంటూరు నుంచి విజయవాడకి బస్సులో ఉద్యోగానికి వెళ్లొస్తాను, ఒకవైపు సుమారు గంట. సోమవారం ఏమీ చదవకుండా, ఎవరి గురించీ వెతకకుండా ఊరికే వింటాను. మంగళ, బుధ వారాలు లిరిక్స్ ముందు పెట్టుకుని వింటాను, ఎందుకంటే ఆ వేగంలో, ఆ యాసలో సగం మాటలు నా చెవికి అందవు. గురువారం, శుక్రవారం ఆ ఆల్బంలో వాడుకున్న పాత పాటలు వెతికి వింటాను. శనివారం రాత్రి ఇంట్లో స్పీకర్ల మీద మరోసారి పెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు: తేదీ, నిడివి, బీట్లు (మాటల వెనక నడిచే సంగీతం) ఎవరు చేశారు, పాత రికార్డుల నుంచి ఏయే ముక్కలు తెచ్చుకున్నారు. ఈ నాలుగో గడి మొదట్లో సరదాకి పెట్టుకున్నదే, ఇప్పుడు కథంతా అందులోనే ఉంది.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఇంకొన్ని పనికొచ్చే సంగతులు. యాప్‌లో షఫుల్ తీసెయ్యండి, ఒక పాట ఇంకో పాటలోకి కలిసిపోయే క్రాస్‌ఫేడ్ సెట్టింగ్‌ని సున్నాకి పెట్టండి, లేకపోతే పాటల మధ్య వచ్చే చిన్న స్కిట్ల మొదళ్లు తెగిపోతాయి. ఆల్బం పేరు పక్కన ఇంగ్లీషు 'E' గుర్తు (ఎక్స్‌ప్లిసిట్, అంటే బూతులు కొయ్యని కాపీ) ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే మీరు వింటున్నది బూతులు కోసేసిన కాపీ అయి ఉండొచ్చు, అందులో లైను మధ్యలో మాటలు ఖాళీ అయిపోయి లయే చెడిపోతుంది. నేను ఒకసారి పాత సీడీ ఆన్‌లైన్‌లో 650 పెట్టి కొంటే అది కోసేసిన కాపీ వచ్చింది, అమ్మినతను వెనక్కి తీసుకోనన్నాడు. అప్పటి నుంచీ కవరు వెనక ఫొటో అడిగి చూశాకే డబ్బు పంపుతున్నాను. వార్షికోత్సవ ఎడిషన్లలో చివర కలిపే అదనపు పాటల్ని ప్లేలిస్ట్ నుంచి తీసెయ్యండి, అసలు ఆల్బం ఎక్కడ ఆగిందో అక్కడ ఆగడం చాలా ముఖ్యం.

ఇక వినికిడి సంగతి. హిప్‌హాప్ పుట్టినరోజు అని చెప్పుకునేది 1973 ఆగస్టు 11, న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పార్టీ జరిగిన రోజు. కానీ రికార్డులోకి ఎక్కడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ 'ర్యాపర్స్ డిలైట్' వచ్చేనాటికి రికార్డులోంచి ముక్క కత్తిరించి తిప్పే యంత్రాలు వాళ్ల చేతుల్లో లేవు. అందుకని షిక్ బృందం 'గుడ్ టైమ్స్' పాటలోని బేస్ గిటార్ బాణీని స్టూడియోలో బ్యాండ్ కుర్రాళ్లు దాదాపు పావుగంట సేపు ఆపకుండా వాయించారు, దాని మీద వీళ్లు ర్యాప్ చేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

1980 నుంచి 1983 దాకా ఆల్బములు తొందరగానే అయిపోయాయి. నిజం చెప్పాలంటే అవి ఆల్బములు కావు, ఒకటో రెండో హిట్ పాటలు, వాటి చుట్టూ నింపినవి. 1984లో రన్-డీఎంసీ మొదటి ఆల్బం పెట్టగానే తేడా తెలిసిపోయింది. బ్యాండ్ లేదు, కొన్ని చోట్ల డ్రమ్ మెషీన్, తిరిగే రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ లాగే స్క్రాచ్ చప్పుడు, రెండు గొంతులు తప్ప ఏమీ లేదు. బస్సు ఇంజిన్ చప్పుడులో కూడా ఒక్క దెబ్బ తప్పిపోలేదు. 1986లో వాళ్లదే 'రైజింగ్ హెల్' ప్లాటినం (అమెరికాలో పది లక్షల కాపీల గుర్తింపు) అందుకున్న మొదటి ర్యాప్ ఆల్బం అయింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన బీస్టీ బాయ్స్ 'లైసెన్స్డ్ టు ఇల్' బిల్‌బోర్డ్ ఆల్బముల పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి ర్యాప్ ఆల్బం. రెండో దాని మీద నాకు పెద్ద ప్రేమ కలగలేదు.

1987లో ఎరిక్ బీ, రకీమ్‌ల 'పెయిడ్ ఇన్ ఫుల్'. ఇక్కడ రెండు వారాలు ఆగిపోయాను. అంతకుముందు వాళ్లంతా లైను చివర ప్రాస కొట్టి ఊపిరి తీసుకునేవాళ్లు. రకీమ్ గొంతు పెంచడు, ప్రాసని లైను మధ్యలో పెట్టి, వాక్యాన్ని పక్క లైన్లోకి లాక్కెళ్లి అక్కడ ముగిస్తాడు. శతకాల్లో పద్యం చదివేటప్పుడు పాదం దగ్గర ఆపకుండా అర్థం దగ్గర ఆపే మాస్టారు ఒకాయన మాకు స్కూల్లో ఉండేవారు, అది గుర్తొచ్చింది.

1988 నుంచి నోట్‌బుక్‌లో నాలుగో గడి చాలలేదు, పక్క పేజీలోకి పోయింది. ఎస్‌పీ-1200 అనే శాంప్లర్ (రికార్డులోంచి ముక్క పట్టుకుని తిప్పి వాయించే యంత్రం) 1987లో వచ్చింది. దాని మెమరీ మొత్తం కలిపి పది సెకన్లే. అందుకని ప్రొడ్యూసర్లు (బీట్లు చేసేవాళ్లు) నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డుని 45 చుట్ల వేగంలో తిప్పి రికార్డు చేసుకుని, తర్వాత మెషీన్‌లో నెమ్మది చేసేవాళ్లు, దాంతో తక్కువ మెమరీలో ఎక్కువ శబ్దం పట్టేది. ఆ నెమ్మది చెయ్యడంలోనే ఒక గరుకుతనం వస్తుంది. ఆ రోజుల రికార్డుల్లో మనకి వినిపించే ఆ ఇసుక రాపిడి లాంటి డ్రమ్స్ వెనక ఇదో పెద్ద కారణం. పబ్లిక్ ఎనిమీ రెండో ఆల్బం ('ఇట్ టేక్స్ ఎ నేషన్ ఆఫ్ మిలియన్స్ టు హోల్డ్ అస్ బ్యాక్', 1988 జూన్) వాళ్ల ప్రొడ్యూసర్లు బాంబ్ స్క్వాడ్ ఇలా చిన్న చిన్న ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిందే. ఒక్క పాటలోనే ఏడు ముక్కలు గుర్తుపట్టి అక్కడితో వదిలేశాను. మొదటిసారి తలనొప్పి వచ్చింది, నాలుగోసారికి ఆ సైరన్ల వెనక ఎంత లెక్క ఉందో తెలిసింది. అదే ఏడాది ఎన్‌డబ్ల్యూఏ 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్', దాని మీద ఎఫ్‌బీఐ నుంచి రికార్డు కంపెనీకి అభ్యంతరం చెబుతూ ఉత్తరం వెళ్లింది.

1989 మార్చి, డి లా సోల్ 'త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్'. ఈ 34 వారాల్లో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. పిల్లల రికార్డులు, కంట్రీ పాటలు, ఫ్రెంచి పాఠం చెప్పే రికార్డు, ఏది దొరికితే అది తెచ్చి, అన్నీ ఒకే ఇంట్లో పుట్టినట్టు కలిపేశారు ఆ ముగ్గురు కుర్రాళ్లూ, ప్రొడ్యూసర్ ప్రిన్స్ పాల్. అందులో నిమిషం పైచిలుకు ఉండే ఒక చిన్న స్కిట్‌లో టర్టిల్స్ అనే పాత బృందం పాట ముక్క వాడుకున్నారు. వాళ్లు కేసు వేశారు, కోర్టు బయట రాజీ అయింది. పాత ఒప్పందాల్లో ఇంటర్నెట్ అనే మాటే లేదు కాబట్టి శాంపిళ్ల (ఇలా తెచ్చుకున్న ముక్కల) అనుమతుల చిక్కు తేలక ఈ ఆల్బం ఏళ్ల తరబడి స్ట్రీమింగ్‌లో లేదు. 2023 మార్చి 3న వచ్చింది, విడుదలైన 34 ఏళ్లకి. బృందంలో ఒకరైన ట్రుగోయ్ ఆ ఫిబ్రవరి 12నే పోయారు, మూడు వారాలు కూడా ఆగలేదు. ఈ సంగతి గురువారం పొద్దున బస్సులో చదివాను, చదివాక మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని విన్నాను. కాజ టోల్‌గేట్ దగ్గర బస్సు ఆగి ఉంది, ఆయన గొంతు అంత తేలిగ్గా, అంత హుషారుగా చెవిలో వినిపిస్తోంది.

1991లో రెండు జరిగాయి. సెప్టెంబరులో ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ 'ది లో ఎండ్ థియరీ' వచ్చింది. దయచేసి దీన్ని ఫోన్ స్పీకర్ మీద వినకండి. మొదటి పాట ఒట్టి బేస్‌తో మొదలవుతుంది, ఫోన్‌లో అది అసలు ఉండదు, గొంతు ఒక్కటే గాల్లో వేలాడుతుంది. నా 1,800 రూపాయల వైరు ఇయర్‌ఫోన్లలో పెట్టగానే ఆ బేస్ చెంపల దాకా తగిలింది. అయిదో పాటలో జాజ్ విద్వాంసుడు రాన్ కార్టర్ స్వయంగా వచ్చి డబుల్ బేస్ వాయించారు.

డిసెంబరులో న్యూయార్క్ కోర్టు తీర్పు. ర్యాపర్ బిజ్ మార్కీ, గాయకుడు గిల్బర్ట్ ఓసల్లివన్ పాటలోని ముక్కని అనుమతి లేకుండా వాడుకున్నాడని కేసు. జడ్జి తన తీర్పుని బైబిల్లోని 'దొంగిలించకూడదు' అనే ఆజ్ఞతో మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ప్రతి ముక్కకీ ముందే అనుమతి, ముందే డబ్బు. నా నోట్‌బుక్‌లో 1992 పేజీ తిప్పితే ఈ తీర్పు కంటికి కనిపిస్తోంది: నాలుగో గడి మళ్లీ గడిలోకి వచ్చేసింది. డజన్ల ముక్కల బదులు పాటకి ఒకటి, రెండు. 1992 డిసెంబరులో డాక్టర్ డ్రే 'ది క్రానిక్'లో చాలా చోట్ల పాత ఫంక్ బాణీల్ని వాద్యకారులతో కొత్తగా వాయించారు. అలా చేస్తే బాణీ హక్కుదారుకి కట్టాలి గానీ అసలు రికార్డింగ్ హక్కుదారుకి కట్టక్కర్లేదు. కేవలం డబ్బు కోసమే చేశారని నేననను, శబ్దం మీద పట్టు కూడా దొరుకుతుంది, ఆ తేట అలా వచ్చిందే. కానీ 1979లో యంత్రం లేక బ్యాండ్‌తో వాయించారు, పదమూడేళ్లు తిరిగేసరికి యంత్రం ఉండి కూడా బ్యాండ్‌తో వాయించారు. విడివిడి పాటలుగా వింటే ఇది నాకు ఎప్పటికీ తట్టేది కాదు. వెస్ట్ కోస్ట్ (డ్రే వాళ్ల కాలిఫోర్నియా వైపు) శబ్దం అంటే అక్కడి వాతావరణం, కార్లు అని చదివి నమ్మేవాణ్ని, అందులో కోర్టు తీర్పుకి కూడా వాటా ఉందని ఇప్పుడు నా అభిప్రాయం.

1993 నవంబరు 9న వూ-టాంగ్ క్లాన్ మొదటి ఆల్బం, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ 'మిడ్‌నైట్ మరోడర్స్' ఒకే రోజు వచ్చాయి. ఆ వారం వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి విన్నాను. ఒకే ఊరివాళ్లు, ఒకే రోజు, ఎక్కడా పోలిక లేదు.

1994 ఏప్రిల్ 19, నాస్ 'ఇల్‌మాటిక్'. పది ట్రాకులు, 40 నిమిషాల లోపే, గుంటూరులో ఎక్కగానే పెడితే మంగళగిరి చుట్టుపక్కల అయిపోతుంది. అప్పటికి నాస్ వయసు ఇరవై. మూడో ట్రాక్ చివర్లో మాటలు ఆగిపోయాక ఒక కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యం) వస్తుంది, దూరంగా, ఒంటరిగా. అది వాయించింది నాస్ నాన్న ఓలు దారా. చావు గురించి కొడుకు అంత తేలిగ్గా పాడిన పాటకి తండ్రి వచ్చి మాట లేకుండా ముగింపు పలికాడు. శనివారం రాత్రి ఆ చివరి నిమిషం మాత్రమే ఆరుసార్లు పెట్టాను.

ఒక్కసారి వరుస తప్పాను. మా బావ ఒకడు ఎం.ఐ.ఏ. 2007 ఆల్బం 'కళ' మొదటి పాట వినమని పట్టుబట్టాడు. అందులో ఇళయరాజా గారి 'దళపతి' తమిళ పాట ముక్క ఉంది, మనకి 'సింగారాల పైరుల్లోన'గా తెలిసినదే. ఇంట్లో స్పీకర్ మీద పెడితే పేపరు చదువుకుంటున్న మా నాన్న తలెత్తి, "ఏరా, అది మన దళపతి పాట డప్పులు కదూ, మధ్యలో ఆ అమ్మాయి ఎవరు?" అన్నారు. కూర్చోబెట్టి శాంపిల్ అంటే ఏమిటో చెప్పాను, ఆ అమ్మాయి శ్రీలంక మూలాలున్న తమిళ అమ్మాయని, ఆల్బంకి వాళ్లమ్మ పేరు పెట్టుకుందని కూడా చెప్పాను. ఇంకోసారి పెట్టమన్నారు.

1996 ఫిబ్రవరి 13 కూడా జంట రోజే: టూపాక్ 'ఆల్ ఐజ్ ఆన్ మీ', ఫ్యూజీస్ 'ది స్కోర్'. మొదటిది రెండు డిస్కులు, రెండు గంటలు దాటుతుంది, రానూపోనూ కలిపినా చివరి పాటలు ఇంటికొచ్చాకే. ఫ్యూజీస్‌లోని లారిన్ హిల్ సొంత ఆల్బం 1998 ఆగస్టు 25న వచ్చి, మరుసటి ఏడాది గ్రామీల్లో ఆల్బం ఆఫ్ ది ఇయర్ గెలిచింది, హిప్‌హాప్‌కి అదే మొదటిసారి. అందులో తరగతి గదిలో ప్రేమ గురించి పిల్లల్ని అడిగే మాస్టారు రాస్ బరాకా, తర్వాత న్యూఆర్క్ మేయరయ్యారు. ఆ స్కిట్లు దాటెయ్యకండి.

ఇప్పుడు 1998 సెప్టెంబరు 29 దగ్గర ఉన్నాను. ఆ ఒక్క రోజే ఔట్‌కాస్ట్ 'అక్వెమినై', జే-జీ 'వాల్యూమ్ 2', బ్లాక్ స్టార్, బ్రాండ్ నూబియన్ 'ఫౌండేషన్', ట్రైబ్ 'ది లవ్ మూవ్‌మెంట్' వచ్చాయి. అయిదింటికీ అయిదు వారాలు కేటాయించాను. సోమవారం అక్వెమినైతో మొదలు, అది గంటా పావు దాకా ఉంటుంది కాబట్టి ఒక స్టాపు ముందు ఇయర్‌ఫోన్లు తీసే పని లేకుండా పొద్దున పది నిమిషాలు ముందే, బస్టాండుకి నడుస్తూనే పెట్టేస్తాను.